గాన తపస్వి ఘంటసాల

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఎవరి ఇంట మరణం సంభవించినా, ఆ వాకిట ఒక గంభీరమైన కంఠం గీతా శ్లోకాలను వినిపిస్తూ ఉంటుంది. ఆ కంఠం ఘంటసాల వేంకటేశ్వరరావు గారిది. ఆ గానం వెనుక ఉన్న జీవితాన్ని గూర్చి మన విద్యార్థులు తెలుసుకొనడం అవసరం.

ఘంటసాల 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లి గ్రామంలో జన్మించారు. తండ్రి సూరయ్య తరంగాలు పాడుతూ ఉంటే బాలుడు లయకు అనుగుణంగా నర్తించేవాడు. తండ్రి బాల్యంలోనే గతించగా, కుటుంబ భారం మేనమామపై పడింది. సంగీతం నేర్వాలనే పట్టుదలతో ఆ బాలుడు వేలి ఉంగరాన్ని అమ్ముకొని విజయనగరం చేరాడు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి గారు ప్రతిఫలం ఆశించక విద్య నేర్పారు. విద్య దొరికినా అన్నం దొరకలేదు. భుజాన జోలె వేసుకొని, ఇంటింటా మధుకరం ఎత్తి శిష్యుడు కడుపు నింపుకొన్నాడు. విద్య కొరకు చేయి చాచడం అవమానం కాదని ఆయన జీవితం నిరూపించింది.

1942 క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని ఘంటసాల కారాగార శిక్ష అనుభవించారు. అనంతరం సముద్రాల రాఘవాచార్యుల ప్రోత్సాహంతో మద్రాసు చేరి, ఆకాశవాణిలోను, చిత్రాల బృందగానాలలోను పాడుతూ కాలం గడిపారు. 1945 నాటి ‘స్వర్గసీమ’ ఆయనకు నేపథ్య గాయకుడిగా దారి చూపింది. 1949లో ‘లైలా మజ్ను’ చిత్రంలో, అరబ్బు దేశపు ఖైస్ ప్రణయ వేదనకు తెలుగు గొంతుక నిచ్చింది ఆయనే. ‘పాతాళభైరవి’ (1951), ‘గుండమ్మ కథ’ (1962), ‘లవకుశ’ (1963) చిత్రాలకు సంగీతం కూర్చారు. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ పద్యాలను పాడి, గ్రామఫోను రికార్డుల ద్వారా పద్యాన్ని పామరుని ముంగిటికి చేర్చారు. 1970లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

గుండె జబ్బు శరీరాన్ని క్రుంగదీసిన చివరి దినాలలో ఆయన భగవద్గీత గానానికి పూనుకొన్నారు. 700 శ్లోకాలలో నూటికి పైగా ఏరి, ఒక్కొక్క శ్లోకానికి తెలుగు తాత్పర్యాన్ని తామే చెబుతూ పాడారు. అందులో ఆయనకు తోడ్పడినవారు గురుపుత్రుడైన పట్రాయని సంగీతరావు గారు. విద్య నేర్పిన గురువు ఇంటితో బంధం అలా కడదాకా నిలిచింది. హెచ్.ఎం.వి. రికార్డులు ప్రజల చేతికి అందేనాటికి గాయకుడు లేరు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏండ్లకే, మద్రాసులో కన్నుమూశారు.

కాలక్రమాన ఈ గానం చావు ఇంటి గుర్తుగా మిగిలిపోయింది. పగటివేళ అది వినిపిస్తే, ఎవరు పోయారని అడుగుట పరిపాటి అయింది. ఇది విచారకరం. యుద్ధభూమిలో విల్లు జారవిడిచిన వీరునికి కర్తవ్యం బోధించిన గ్రంథమది. మృతుల కంటె జీవించి ఉన్నవారికే అది ఎక్కువ అవసరం. శ్వాస కరువైన వేళ కూడ చేపట్టిన పనిని విడువని గాయకుడు, ఆ బోధను పాడడమే కాక ఆచరించి చూపాడు.

విద్యార్థులారా! పేదరికం మిమ్ములను వెనుకకు లాగిన నాడు విజయనగరం వీధులలో జోలెతో నడచిన ఆ బాలుని తలచుకొనండి.