సుబ్బారావుగారి పసిడి మందు

భీమవరంలో జన్మించిన ఒక తెలుగువాని కృషి, నేడు గన్నవరం పశువైద్య కళాశాలలో శునకాల చర్మరోగాలను గూర్చి చదివే విద్యార్థికి సైతం తెలియదగినది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు.

వారు 1895 జనవరి 12వ తేదీన జన్మించారు. లేమితో పెనగులాడుతూ మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురికావడంవల్ల ఎల్.ఎమ్.ఎస్. పట్టంతోనే తృప్తిపడవలసి వచ్చింది. సోదరులిద్దరు స్ప్రూ అనే జీర్ణకోశవ్యాధికి బలికావడం ఆయనను జీవితాంతం వెన్నాడిన దుఃఖం.

1923లో భార్యను స్వదేశంలో విడిచి అమెరికా చేరారు, తిరిగి రానేలేదు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి, రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరి, అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించారు. సోదరులను హరించిన వ్యాధికి ఉపకరించే ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు హెట్రజాన్ ఆ కృషి ఫలాలే.

ఆయన పర్యవేక్షణలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు, మిస్సోరీ మట్టిలోని పసిడివన్నె సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను సాధించాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. 1948లో అది లోకానికి వెల్లడైంది. ఆ ఆగస్టులోనే, 53వ ఏట, సుబ్బారావుగారు కన్నుమూశారు.

తరువాతి కథ ఆయన చూడలేదు. ఆ మందు కలిపిన దాణాతో కోళ్ళు త్వరగా పెరుగుతాయని 1950లో అదే సంస్థ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మందు మేతగా మారింది. మనుష్యులకు, పశువులకు అవసరం లేనిచోటనూ ధారాళంగా వాడారు. ఆ ఒత్తిడిలో మందును తట్టుకోగల సూక్ష్మజీవులే మిగిలి వర్ధిల్లాయి. ఆ విద్యను తోటివాటికీ అందించాయి.

శునకాల చర్మంపై చీముపొక్కులకు ముఖ్యకారణమైన స్టాఫిలోకాకస్ సూడింటర్మీడియస్ అనే జీవి నేడు తరచుగా టెట్రాసైక్లిన్‌కు లొంగడం లేదు. మెథిసిలిన్‌ను ధిక్కరించే తెగలపై పెన్సిలిన్ జాతి మందులూ దాదాపు నిష్ప్రయోజనమే. ఈ జీవి అరుదుగా యజమానికీ సోకుతుంది. అందుచేత ఏ మందుకు లొంగునో ప్రయోగశాలలో పరీక్షించి వాడడం, పైపై వ్యాధికి క్లోర్‌హెక్సిడిన్ స్నానంతో సరిపెట్టడం, వైద్యుడు చెప్పిన గడువుకు ముందే మానకుండడం ఆవశ్యకం.

సుబ్బారావుగారు ఇచ్చిన నిధి అక్షయం కాదు. దానిని పొదుపుగా వాడుకోవడమే మనం ఆయన ఋణం తీర్చుకొనే మార్గం.