శాస్త్రజ్ఞుడగు జాక్ మొనో

జీవశాస్త్రమును చదువు విద్యార్థులు ఫ్రాన్సు దేశపు జాక్ మొనో పేరు వినియే యుందురు. కాని ఆయనకు కీర్తి తెచ్చిన పరిశోధన, సీసాలోని సూక్ష్మజీవులు ఆహారము తీరి కొంతసేపు ఊరకుండుటను గమనించుటతో ఆరంభమైనదని యెఱిగినవారు కొలదిమందియే.

మొనో 1910వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీని పారిసు నగరమున జన్మించెను. తండ్రి చిత్రకారుడు, ప్రొటెస్టెంటు వంశజుడు. ఆ వంశమున మతబోధకులు, వైద్యులు, పండితులు పెక్కురు. తల్లి అమెరికా దేశపు మిల్వాకీ నుండి వచ్చినది. బాల్యమున పోలియో వ్యాధి సోకి ఒక కాలు బలహీనమయ్యెను. అయినను ఆయన కొండలెక్కెను, పడవలు నడపెను. సెల్లో వాద్యమునందు నేర్పరి యగుటచే సంగీతమా, శాస్త్రమా యని చాలకాలము డోలాయమానుడై యుండెను.

1934లో షార్కో నాయకత్వమున పూర్క్వా పా అను ఓడపై గ్రీన్లాండునకు పోయివచ్చెను. 1936లో మరల పోవలసినవాడే. కాని జన్యుశాస్త్రము నేర్చుటకై అమెరికాకు వెడలెను. ఆ సెప్టెంబరులో ఆ యోడ ఐస్లాండు తీరమున మునిగి, ఒక్కడు దప్ప అందఱును మరణించిరి.

పారిసునకు మరలివచ్చి సార్బోనులో బాక్టీరియముల పెరుగుదలను కొలువసాగెను. ఒకే చక్కెర నిచ్చినపుడు, ఇచ్చినకొలదియు పెరిగెను. పిదప రెండేసి చక్కెరలను గలిపి యిచ్చెను. కొన్ని జంటలలో పెరుగుదల ఎడతెగక సాగెను. ద్రాక్షచక్కెరతో పాలచక్కెరవంటిదానిని గలిపినపుడు మాత్రము బాక్టీరియములు వేగముగ పెరిగి, ఆగి, కొంతసేపటికి మరల పెరుగజొచ్చెను. ద్రాక్షచక్కెర హెచ్చించిన మొదటి విడత పెరుగుదల హెచ్చెను. కావున అవి ముందు ద్రాక్షచక్కెరనే తిని, అది అడుగంటిన పిదపనే రెండవదానివంక జూచుచున్నవని తేలెను. విందులో బూరెలున్నంతవఱకు అన్నమువంక చూడని బాలురకిది వింతగ తోచదు. అయితే బూరెలు ముగియగనే బాలురు అన్నము తిందురు. బాక్టీరియములో, ఎదుట ఆహారముండగనే కొంతసేపు పస్తుండును. ఆ పస్తేల?

1940 డిసెంబరులో ఈ ప్రశ్నను ఆంద్రే ల్వోఫ్ అను పండితునితో ప్రస్తావింపగా, ఆయన ఎంజైములవైపు చూడుమని సూచించెను. పాలచక్కెరను విఱుచు ఎంజైమును బాక్టీరియము ముందుగ సమృద్ధిగ నుంచుకొనదు. అవసరము కలిగినపిదప తయారుచేసికొనును. ఆ తయారీకి పట్టు కాలమే ఆ పస్తు. ఈ పరిశోధనకు మొనో 1941లో డాక్టరు పట్టమందెను.

అప్పటికి పారిసు జర్మనుల వశమై యుండెను. ఆయన భార్య ఒడెట్ యూదురాలు. మాఱుపేరున నగరమునకు దూరముగ నుండవలసివచ్చెను. మొనో రహస్య ప్రతిఘటన దళమున జేరి, క్రమముగ దాని ప్రధాన నాయకులలో నొకడయ్యెను. సార్బోనులో తన గది యెదుటనున్న జిరాఫీ కాలియెముకలలో రహస్యపత్రములు దాచెడివాడని చెప్పుదురు. సార్బోను అపాయకరమైనపుడు పాస్టరు సంస్థలో ల్వోఫ్ చెంత ప్రయోగములు సాగించెను. పట్టుబడిన మరణమే, అయినను పరిశోధన మానలేదు.

యుద్ధానంతరము పాస్టరు సంస్థలోనే స్థిరపడెను. ఫ్రాన్స్వా జాకబుతో గలిసి 1961లో ఆపెరాన్ సిద్ధాంతమును ప్రకటించెను. పాలచక్కెరకు వలయు జన్యువులు ఒకే వరుసలో నుండును. వానిపై నొక నిరోధకము కూర్చుండి పని జరుగనీయదు. పాలచక్కెర లోనికి వచ్చినపుడు ఆ నిరోధకము తొలగును. 1965లో మొనో, జాకబు, ల్వోఫ్ మువ్వురకును నోబెలు బహుమాన మొసగబడెను.

మఱియొక సంగతి చెప్పక తప్పదు. హంగరీ దేశమునుండి వెలుపలికి రాలేక చిక్కుకొనిన ఆగ్నెస్ ఉల్మన్ అను శాస్త్రజ్ఞురాలిని, ఆమె భర్తను, మొనో పలుమార్లు ప్రయత్నించి 1960లో రహస్యముగ సరిహద్దు దాటించెను. ఆమె ఒక బండిలోని స్నానపు తొట్టి క్రింద దాగి వచ్చెను. పాస్టరు సంస్థలో జేరిన ఆమెతోనే ఆయన మరల తన పాతప్రశ్నకు వచ్చెను. సైక్లిక్ ఏఎంపీ అను పదార్థమును చేర్చిన, ద్రాక్షచక్కెర యున్నను బాక్టీరియములు రెండవ ఎంజైమును చేయునని 1968లో వారు చూపిరి. అయితే ద్రాక్షచక్కెర యున్నంతకాలము పాలచక్కెరను లోనికి రానీయకుండుటయే ముఖ్యకారణమని తరువాతివారు తేల్చిరి.

ఆయన దైవవిశ్వాసి కాడు. 1970లో ప్రకటించిన తన గ్రంథమున ప్రకృతియందు ఉద్దేశ్యము లేదని వాదించెను. మన పాఠకులలో పెక్కురు దీని నంగీకరింపరు, ఈ వ్యాసకర్తయు నంగీకరింపడు. అందుచేత ఆపన్నులకై ఆయన చేసిన సాహసమును తగ్గించి చెప్పుట మాత్రము న్యాయము గాదు. 1971లో పాస్టరు సంస్థకు అధ్యక్షుడై, 1976 మే 31వ తేదీని కాన్ పట్టణమున రక్తసంబంధమగు వ్యాధిచే మరణించెను.

బాక్టీరియముల పస్తు సంగతి ఆయనతో ముగియలేదు. ఒకతూరి పాలచక్కెర తినిన బాక్టీరియములకు మరల ద్రాక్షచక్కెర నిచ్చి, అదియు తీసివేసి తిరిగి పాలచక్కెర నిచ్చిన నేమగును? లాంబర్టు, కుస్సెల్ అను శాస్త్రజ్ఞులు 2014లో దీని ఫలితమును ప్రకటించిరి. మొదటితూరి కనిపించిన పస్తు, వ్యవధి స్వల్పమైనచో, రెండవతూరి కనిపింపలేదు. మొదట చేసికొనిన ఎంజైములు చెడక, కణము రెండైనపుడెల్ల తల్లినుండి బిడ్డలకు సగము సగముగ పంచబడుచు వచ్చును. కొన్ని తరములవఱకు ఆ మిగులు చాలును. అటుపిమ్మట అది పలుచబడిపోయి, బాక్టీరియము మరల మొదటివలెనే పస్తుండును.