పద్దు తెలిసిన దివాను - మొదటి సాలార్ జంగ్

సంస్థ చిన్నదైనా పెద్దదైనా ఏదో ఒకనాడు దానికి గడ్డుకాలం రాక తప్పదు. చందాలు ఆగిపోతాయి, బాకీలు పేరుకుంటాయి, నమ్ముకున్న మనిషి అర్ధాంతరంగా పోతాడు. అప్పుడేం చెయ్యాలి? జవాబు మన హైదరాబాదు చరిత్రలోనే వున్నది. అందుకే ఈ సంచికలో నవాబ్ మీర్ తురాబ్ అలీ ఖాన్, అనగా మొదటి సాలార్ జంగ్ గారిని తలచుకుంటున్నాము. మ్యూజియం వల్ల అందరికీ తెలిసిన మూడవ సాలార్ జంగ్ వీరి మనుమడే.

ఆయన 1829లో జన్మించారు. 1853లో, 24 ఏళ్ళ వయసులో దివాను అయ్యారు. అప్పటికి ఖజానా ఖాళీ. సైన్యం ఖర్చుల బాకీ కింద ఆ యేడే బేరారు ఇంగ్లీషువారి చేతికి పోయింది. ఎన్నో తాలూకాల రాబడి సాహుకార్ల దగ్గర, అరబ్బు జమేదార్ల దగ్గర తాకట్టులో వున్నది. శిస్తు వసూలు గుత్తకిచ్చేవారు. గుత్తేదారు బాగుపడ్డాడే గాని రైతూ బాగుపడలేదు, సర్కారూ బాగుపడలేదు.

ఆయన ముందుగా లెక్కలు చూశారు. ఎవరికెంత బాకీ, ఎక్కడినుంచి ఎంత రాబడి అన్నది తేల్చారు. తాకట్టు భూములను ఒక్కొక్కటిగా విడిపించారు. గుత్తలు తీసివేసి జీతమిచ్చే తాలూకుదార్లను పెట్టారు. 1865లో జిలాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా విడదీశారు. ఇదంతా ఒక్కరోజులో అయిన పని కాదు, ఏళ్ళు పట్టింది.

ఈలోగా 1857 వచ్చింది. మే నెలలో నైజాం నాసిరుద్దౌలా మరణించారు. జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ల నాయకత్వాన జనం కోఠీలోని రెసిడెన్సీ మీదికి వెళ్ళారు. దివాను ఇంగ్లీషువారి పక్షాన నిలిచారు. రాజ్యం మిగలాలంటే అదొక్కటే దారి అని ఆయన అనుకున్నారు. తుర్రేబాజ్ ఖాన్ ప్రాణమిచ్చాడు, మౌల్వీగారు అండమానుకు పోయారు. ఆ నిర్ణయం సరియా కాదా అన్న వాదం ఈనాటికీ తెగలేదు. మేమూ తెగ్గొట్టబోము. ప్రతి నిర్ణయానికీ ఎవరో ఒకరు ధర చెల్లిస్తారన్నది మాత్రం మరువరాదు. ఆయన కూడా చెల్లించారు. 1859లో ఒకసారి, 1868లో ఒకసారి ఆయనపై హత్యాయత్నాలు జరిగాయి. 1860లో 50 లక్షల బాకీ రద్దయింది, రాయచూరు, నల్దుర్గు తిరిగి వచ్చాయి. బేరారు మాత్రం ఆయన ఎంత ప్రయత్నించినా రాలేదు.

1869లో అఫ్జలుద్దౌలా మరణించేనాటికి వారసుడు మహబూబ్ అలీ ఖాన్ రెండు మూడేళ్ళ పసివాడు. అయినా రాజ్యం చెక్కుచెదరలేదు. కచేరీలు, పద్దులు, జీతాలు అప్పటికే ఒక గాడిన పడివున్నాయి గదా!

ఇంతటివారిలోనూ ఒక లోటు కనిపిస్తుంది. 30 ఏళ్ళు పగ్గాలన్నీ తన చేతిలోనే వుంచుకున్నారు. 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి హఠాత్తుగా కన్నుమూశారు. తరువాత ఎవరు అన్న ప్రశ్నకు సిద్ధమైన జవాబు లేదు. దర్బారులో వర్గాలు లేచాయి. కుమారుడు లాయక్ అలీ ఖాన్ 1884లో దివాను అయ్యారు గాని తండ్రివలె నిలదొక్కుకోలేకపోయారు.

రాజ్యానికి వర్తించిందే పదిమంది కలసి నడుపుకునే సంఘానికీ వర్తిస్తుందని మా నమ్మకం. పద్దు పుస్తకం ఎప్పటికప్పుడు రాయాలి. కష్టం రాకముందే పదో పరకో వెనకేసుకోవాలి. బీరువా తాళం ఒక్కరి జేబులోనే వుంటే మాత్రం, ఆ ఒక్కరూ సాలార్ జంగ్ అంతటివారైనా, సంఘానికి ప్రమాదమే. పక్కన ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టుకుని పని నేర్పుదాం. ఆ మహనీయునికి మనం చూపగల గౌరవం అదే.