సోడాలు అమ్మి దంతవైద్య కాలేజీ పెట్టిన డాక్టరు

నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ వెళ్లేలోపు పంటి డాక్టర్ల బోర్డులు ఎన్నో కనిపిస్తాయి. 1920కి ముందు మన దేశం మొత్తం వెతికినా దంతవైద్యం నేర్పే కాలేజీ ఒక్కటి కూడా లేదు. పన్ను నొప్పి పుడితే లవంగం పెట్టుకోవడం, తగ్గకపోతే ఎవరో ఒకరి చేత పీకించుకోవడం, చాలామందికి తెలిసిన వైద్యం అంతే. ఆ లోటు తీర్చిన వ్యక్తి డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. ఆయన పుట్టినరోజు డిసెంబరు 24న మన దేశంలో దంతవైద్యుల దినోత్సవం జరుపుకుంటారు.

ఆయన 1890లో తూర్పు బెంగాల్‌లో పుట్టారు. అలీగఢ్‌లో చదివి అమెరికా వెళ్లి, అయోవా విశ్వవిద్యాలయంలో 1915లో దంతవైద్య పట్టా తీసుకున్నారు. తర్వాత 1918 దాకా బోస్టన్‌లోని ఫోర్సైత్ ఆసుపత్రిలో పనిచేశారు. అది పిల్లల పళ్ల కోసమే కట్టిన ఆసుపత్రి.

పిల్లల పళ్లకు ప్రత్యేకంగా ఆసుపత్రి ఎందుకని అనిపించవచ్చు. పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి అనే మాట పేరెంట్స్ మీటింగుల్లో నేను తరచూ వింటాను. కానీ పాలపన్ను పుచ్చి ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరుగుతాయి, కింద నుంచి రావలసిన పన్నుకు చోటు చాలక వంకరగా వస్తుంది. ఇంకో సంగతి. ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనక కొత్తగా ఒక దవడ పన్ను వస్తుంది. దాని కోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటాం. నిజానికి అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. మన ఒకటో తరగతి పిల్లల నోట్లో ఇప్పుడు వస్తున్నది అదే!

అహ్మద్ తిరిగి వచ్చి 1920లో కలకత్తాలో దేశంలోనే మొదటి దంతవైద్య కళాశాల పెట్టారు. డబ్బు కోసం ఆయన ఎంచుకున్న దారి వింటే నవ్వొస్తుంది. న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే దుకాణం తెరిచి, దాని ఆదాయంతో కాలేజీ నడిపారు. సోడా ఫౌంటెన్ అంటే అమెరికాలో తీపి సోడాలు, ఐస్‌క్రీములు అమ్మే చోటు. పళ్లను పుచ్చబెట్టే చక్కెరే పళ్ల డాక్టర్లను తయారుచేసిందన్నమాట. అయినా మొదటి మూడేళ్లలో చేరింది 11 మందే. పళ్లు బాగుచేయడం పెద్ద చదువని అప్పట్లో ఎవరూ అనుకోలేదేమో. ఆయన మాత్రం కాలేజీ మూసెయ్యలేదు.

1925లో దంతవైద్య పత్రిక మొదలుపెట్టారు, 1928లో విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకం రాశారు. 1939లో బెంగాల్‌లో దంతవైద్యుల చట్టం రావడం వెనక ఆయన కృషి ఉంది. 1948లో అలాంటి చట్టమే దేశమంతటికీ వచ్చింది. ఈరోజు క్లినిక్ గోడ మీద డాక్టరు గారి రిజిస్ట్రేషన్ నంబరు చూసి ధైర్యంగా కుర్చీలో కూర్చుంటున్నామంటే దాని మూలం అక్కడుంది.

సొంత సంపాదనతో నిలబెట్టిన కాలేజీని 1949లో ఆయన ప్రభుత్వానికి అప్పగించారు. తర్వాత పశ్చిమ బెంగాల్‌లో మంత్రిగా పనిచేశారు. 1964లో పద్మభూషణ్ అందుకుని, మరుసటి ఏడాది కన్నుమూశారు. ఆ కాలేజీ ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది.