బసవేశ్వరులు కాదన్న జందెము, కట్టిన లింగము

12వ శతాబ్దమున బాగేవాడిలో మాదిరాజు, మాదాంబలకు జన్మించిన బసవేశ్వరులు బాల్యముననే ఉపనయనమును కాదని గృహమును విడిచిరి. నాటి తండ్రీకొడుకుల వాదమును పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున తెలుగు ద్విపదలో చెప్పినాడు. కులాచారము విడువరాదని తండ్రి పక్షము. శివభక్తునకు ఆ కర్మతో పనిలేదని బాలుని పక్షము.

కూడలసంగమమున పెరిగి, కల్యాణమున కళచురి బిజ్జలుని కొలువులో భండారియైన పిమ్మట వారు తెచ్చిన మార్పు చూచుటకు చిన్నది: లింగము గుడినుండి అరచేతికి వచ్చెను. గుడికి గడప కలదు, గడపకు కాపరి కలడు, వెలుపల నిలువవలసినవారును కలరు. అరచేతికి గడప యేది? చాకలి మాచయ్య, పడవ నడుపు చౌడయ్య, నేలరాలిన బియ్యమేరి జీవించు లక్కమ్మ తమ తలపులను కన్నడముననే వచనములుగా పలికిరి. అవసరమునకు మించి బియ్యము తెచ్చిన భర్తను లక్కమ్మ మందలించి మరల పంపినదట! మతమనగా బుద్ధికి సంకెలయే యని తేల్చివేయువారు ఆమెను ఒకపరి తలపవలెను. దీక్షయు, శరణుల కూటమియు లేకున్నచో ఆ పేదరాలి మాట వినువారెవరు?

చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకు బ్రాహ్మణ శరణుడగు మధువరసు కుమార్తెనిచ్చి పెండ్లి చేయగా బిజ్జలుడు ఆగ్రహించి ఇరువురు తండ్రులకును మరణదండన విధించెనని సంప్రదాయము చెప్పును. 1167 ప్రాంతమున బిజ్జలుడు హతుడయ్యెను. శరణులు చెదరిపోయిరి. బసవేశ్వరులు కూడలసంగమమున లింగైక్యమందిరి.

తరువాతి కాలమున మఠములు వెలసెను. వంశక్రమము, ఉపశాఖలు, పెండ్లి కట్టుబాట్లు వచ్చెను. పుట్టిన కొలది దినములకే శిశువునకు లింగధారణ చేయుట ఆచారమయ్యెను. ఔననుటకుగాని కాదనుటకుగాని బాగేవాడి బాలునకుండిన వయసు ఆ శిశువునకు లేదు.