బుర్రకథా పితామహుడు శ్రీ షేక్ నాజరు

గ్రంథాలయమునకు వచ్చి, పుస్తకము విప్పి, తమంతట తాము చదువుకొనగలవారు ధన్యులు. మన తాతల కాలమున పల్లెలలో ఆ భాగ్యము కలవారెందరు? 1951వ సంవత్సరపు జనాభా లెక్కలలో సైతము దేశము మొత్తముమీద నూటికి 18 మందికి మాత్రమే అక్షరములు వచ్చునని తేలినది. తక్కిన 82 మందికి పూర్వుల చరిత్ర చెప్పినదెవరు? దేశమున జరుగుచున్నదేమో తెలిపినదెవరు? ఊరి బయలున, దీపపు వెలుగున, భుజమున తంబుర దాల్చి నిలిచిన కథకుడే వారికి గ్రంథాలయము. అట్టి కథకులలో తెలుగునాట నాలుగు చెరగుల పేరు మ్రోగినవారు శ్రీ షేక్ నాజరు. పలనాటి వీరుల కథను పలనాటివారికే సరిక్రొత్తగా వినిపించిన ఆ గాయకుని జీవితము అచ్చంపేట గ్రంథాలయ పాఠకులు తప్పక తెలిసికొనదగినది.

నాజరుగారు 1920 ఫిబ్రవరి 5వ తేదీన గుంటూరు జిల్లా తాడికొండ ప్రాంతమందలి పొన్నెకల్లు గ్రామమున జన్మించిరి. తండ్రి షేక్ మస్తాన్, తల్లి బీనాబీ. వారిది దూదేకుల కుటుంబము. ప్రత్తిని వింటినారితో మీటి, ఏకి, పరుపులకును దిండ్లకును దూది సిద్ధపరచుట ఆ కులమువారి వృత్తి. వారినే పింజారులనియు నందురు. మతము చేత మహమ్మదీయులు. ఇంట పలుకునది మాత్రము తెలుగు. పండుగలకు పబ్బములకు ఊరివారితో కలసి మెలసి యుండువారు. అయినను ఇటు హిందువులకు పూర్తిగా తమవారు కాలేదు. అటు ఉర్దూ మాటలాడు మహమ్మదీయులలో అనేకులకు సమానులును కాలేదు. పింజారి యను మాట తెలుగు పల్లెలలో ఒక తిట్టుగా చెల్లుబడి యగుచుండుట ఎల్లరెరిగినదే. అట్టి పేరుగల కులమున, కడు పేదయింట పుట్టిన పిల్లవాడు పద్మశ్రీయై వెలయుట సామాన్య విషయము కాదు.

ఆ పేదయింటిలో చదువునకు చోటు తక్కువ. కాని బాలునకు చక్కని కంఠమున్నది. పాట ఒకమారు వినిన పట్టుకొను శక్తి యున్నది. పిన్నతనముననే బడిలో నాటకమాడి పదిమంది మెప్పు పొందెను. ఖాదరు అను హార్మోనిస్టు ఆ కంఠమును గుర్తించి బాలుని చేరదీసి, పిల్లల నాటక సమాజమున చేర్పించెను. ఆ దినములలో పౌరాణిక నాటకములందు ఆడువేషములు మగపిల్లలే ధరించుచుండిరి. నాజరుగారును అట్లే స్త్రీపాత్రలు ధరించి, పద్యము విడదీసి పాడుటయు, రంగముమీద నిలుచుటయు, ప్రేక్షకుని కంటిలోనికి చూచి మాటాడుటయు నేర్చుకొనిరి. పిదప నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్యగారి సన్నిధిని సంగీతము అభ్యసించిరి. పలనాటి ముఖద్వారమగు ఆ పట్టణముననే వారి గొంతునకు శాస్త్రము తోడైనది. నాటకరంగమిచ్చిన అభినయము, గురువిచ్చిన రాగజ్ఞానము, పల్లె యిచ్చిన పలుకుబడి, ఈ మూడును తరువాత ఒక్కచోట కూడవలసియున్నవి. ఆ చోటు బుర్రకథ.

బుర్రకథ నాజరుగారు పుట్టించినది కాదు. దానికి మూలము జంగము కథ. జంగములు తంబుర మీటుచు, ఇంటి స్త్రీలు వంతపాడగా, కాంభోజరాజు కథ మొదలైనవి ఇంటింట వినిపించి, ఇచ్చిన గింజలు జోలెలో వేసికొని పోవుచుండిరి. తంబుర బుర్రను బట్టి దానికి బుర్రకథ యను పేరు ఏర్పడినది. విని ఆనందించినవారును ఆ విద్యను బిచ్చపు విద్యగానే తలచిరి గాని గౌరవింపలేదు. తిట్టుపేరు మోయు కులమున పుట్టిన గాయకుడును, బిచ్చపు విద్య యనిపించుకొన్న కళయు ఒకరి కొకరు తటస్థించుట తెలుగువారి అదృష్టము.

ఆ కలయికకు కారణమైనది కాలము. 1942లో కమ్యూనిస్టు పార్టీపై నిషేధము తొలగినది. 1943లో ప్రజానాట్య ఉద్యమము దేశమంతట ఆరంభమైనది. ఆంధ్రదేశమున డాక్టరు గరికపాటి రాజారావు ప్రభృతులు ప్రజానాట్యమండలిని నడిపిరి. ఉద్యమపు మాట పల్లెకు చేరవలెనన్న పల్లె యెరిగిన రూపముననే చేరవలెనని గ్రహించి, వారు జంగము కథను చేపట్టిరి. సుంకర సత్యనారాయణగారి కష్టజీవి వంటి కథలు ఆ యూపున వెలువడినవే. మోటూరి ఉదయంగారి వంటి వనితలు సైతము తంబుర పట్టి వేదిక యెక్కి, ఆడువారు నలుగురిలో కథ చెప్పరాదను అడ్డుగోడను పడగొట్టిరి.

ఆ దినములలో తెనాలి ప్రాంతమున వేములపల్లి శ్రీకృష్ణగారి సాహచర్యము నాజరుగారికి లభించినది. తొలుత దళమున కాకుమాను సుబ్బారావుగారు కథకులు. రామకోటిగారు హాస్యపు వంత. నాజరుగారు రాజకీయపు వంత. అనగా ప్రక్కన నిలిచి గుమ్మెట వాయించుచు, కథకు లోకవ్యవహారము జోడించుట వారి పని. కొలది కాలముననే వారు నడుమ నిలిచి కథకులైరి. రామకోటి, పురుషోత్తము గారలు వంతలైరి. నాటినుండి బుర్రకథ యనగా నాజరు, నాజరనగా బుర్రకథ యని జనులు చెప్పుకొనునంతటి ప్రసిద్ధి కలిగినది.

నాజరుగారు ఆ కళకు చేర్చినదేమి? తలకు పాగా, దానిపై తురాయి, ఒంటిమీద పొడవైన అంగీ, నడుమునకు బిగించిన పట్టీ, కాళ్ళకు గజ్జెలు, వ్రేళ్ళకు అందెలు. ఈ ఆహార్యము కంటికి నచ్చునట్టిదే. అంతకు మించినది వారు కథలోపల చేసిన మార్పు. వెనుకటి జంగము కథకుడు కథను చెప్పుచుండెను. నాజరుగారు కథను చేసి చూపిరి. ఒక్క అడుగు ముందునకు వేసిన రాజు, వెనుకకు తిరిగిన దూత, తల వంచిన తల్లి. పాత్ర మారినప్పుడెల్ల కంఠము మారును, నడక మారును, కన్ను మారును. కరుణమునకు తగిన రాగము, వీరమునకు తగిన దరువు ఏర్పరచి, శాస్త్రసంగీతమును పామరునకు బరువు తోచకుండ కథలో కలిపిరి. హాస్యపు వంత నవ్వించుచుండును. రాజకీయపు వంత ఆలోచింపజేయుచుండును. నడుమ కథకుడు శ్రోతల హృదయమును పట్టి నడిపించుచుండును. ముగ్గురు మనుష్యులు, ఒక తంబుర, రెండు గుమ్మెటలు. తెర లేదు, రంగాలంకరణ లేదు. అయినను కోటలు లేచినవి, సైన్యములు కదలినవి.

అట్టి కథ యున్నదని తెలిసిననాడు చుట్టుపట్ల ఊళ్ళవారు ప్రొద్దువాలకమునుపే బువ్వ తిని, బండ్లు కట్టుకొని, చాపలు చంకనిడుకొని బయలుదేరుచుండిరి. బండి లేనివారు నడచి పోవుచుండిరి. ఒక ఊర విన్న కథనే మరునాడు మరియొక ఊర వినబోవువారును లేకపోలేదు. కథ తెలియక కాదు. ఈనాడు ఆ ఘట్టమును ఆయన యెట్లు పలుకునో యని. పాటకుని వెంట ఊరూర తిరుగు ఆ అభిమానము డబ్బిచ్చి కొనదగినది కాదు. చదువురాని శ్రోతలు ఎన్నియో చరణములు కంఠస్థము చేసికొని పొలము పనులలో పాడుకొనిరి. పుస్తకమెన్నడు ముట్టనివారి నోట సాహిత్యము నిలిచినదన్నమాట.

1943లో వంగదేశమున ఘోరమైన కరవు సంభవించి లక్షలాది జనులు అన్నములేక మరణించిరి. ఆ దుఃఖమును నాజరుగారు బెంగాలు కరవు కథగా రచించి వినిపించిరి. వంగదేశమెక్కడ, గుంటూరు పల్లెయెక్కడ! కాని ఆకలి యెరుగని పల్లె లేదు గనుక, ఆ కథ వినువారికి పరాయి కథ కాలేదు. బొబ్బిలి యుద్ధము, ప్రహ్లాదుడు, క్రీస్తు మొదలైన కథలనుగూడ వారు రచించిరి. ప్రహ్లాదుని కథయు క్రీస్తు కథయు ఒక మహమ్మదీయ గాయకుని నోట వినవచ్చినప్పుడు, ఏ మతమువారును అది తమది కాదని లేచిపోలేదు. వారు రచించిన ఆసామి యను నాటకమును ఇట పేర్కొనదగినది.

వారి కథలలో పలనాటివారికి మిక్కిలి దగ్గరిది పలనాటి యుద్ధము. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవాదులు, నడుమ నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెము, వనవాసము, రాయబారము, తుదకు కారెంపూడి రణరంగమున నాగులేటి యొడ్డున బాలచంద్రుడు మొదలగు వీరుల పతనము. 12వ శతాబ్దినాటి ఈ గాథ మొదట వీరవిద్యావంతుల కంఠములలో నిలిచినది. కారెంపూడిలో కార్తీకమాసపు వీరారాధనలో రాచగావు మొదలు కళ్ళిపాడు వరకు అయిదు దినములు వారు దీనిని భక్తితో గానము చేయుచుందురు. 15వ శతాబ్దిలో శ్రీనాథుని ద్విపదగా అది గ్రంథమైనది. 1911లో అక్కిరాజు ఉమాకాంతము పండితుని కృషివలన అచ్చునకు వచ్చినది. గుడిలో అది పూజ. గ్రంథమున అది కావ్యము. నాజరుగారు దానిని తెచ్చి, కులమతముల ప్రసక్తి లేక ఎవరైనను కూర్చుండి వినదగిన బయలున నిలిపిరి.

ఆ కథలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి భోజనము పెట్టిన చాపకూడు ఘట్టమున్నది. మాల కులమున పుట్టిన కన్నమదాసును పెద్దకొడుకుగా ఆదరించి సేనాధిపత్యమిచ్చిన ఘట్టమున్నది. ఈ ఘట్టములను కులము పేర తిట్టు వినిన మనుష్యుడొకడు నిలిచి చెప్పుచుండగా, ఎదుట పెద్దరైతును పాలేరును ఒకే నేలమీద కూర్చుండి వినుటను తలచుకొనుడు. ఎనిమిదివందల యేండ్లనాటి చాపకూడు ఆ రాత్రికి మరల వడ్డింపబడినట్లే గదా! ఇది వారి కళయందలి పరమార్థము.

1948 తరువాత మద్రాసు ప్రభుత్వము కమ్యూనిస్టు ఉద్యమముపై తీవ్ర నిర్బంధము సాగించినది. ప్రజానాట్యమండలి చెల్లాచెదరైనది. ఉద్యమముతో పుట్టిన దళములు అనేకము మూతపడినవి. వేదికను నమ్ముకొన్న కళాకారునకు వేదిక తొలగినచో మిగులునదేమి? పలువురు వేరు వృత్తులు చూచుకొనిరి. కొందరు చలనచిత్రములకు తరలిపోయిరి. నాజరుగారు మాత్రము తంబుర దింపలేదు. 1954లో వెలువడిన అగ్గిరాముడు చిత్రమున అల్లూరి సీతారామరాజు కథ చెప్పి, పల్లెలకు మాత్రమే తెలిసిన తమ కంఠమును పట్టణముల ప్రేక్షకులకును పరిచయము చేసిరి. అయినను వారు వెండితెరయందు నిలిచిపోలేదు. మరల ఊరి బయలుకే వచ్చిరి. ఎందరికో ఆ విద్య నేర్పిరి. ఒకనాడు నిర్బంధమునకు గురియైన ఆ కళనే తరువాతి ప్రభుత్వములు ప్రణాళికలను, పొదుపును, కుటుంబ నియంత్రణమును ప్రచారము చేయుటకు వాడుకొన్నవి. కళ బ్రతికినందుకు సంతోషింపవలసినదే. కాని ప్రచారపు పని కెక్కువైనకొలది కథలో బిగి తగ్గినదనుటయు సత్యము. నాజరుగారి కథలందు ప్రచారము లేకపోలేదు. అది కథ కడుపున పుట్టినది గాని పైన అంటించినది కాదు.

జనులు వారిని బుర్రకథా పితామహుడనిరి. మహారాష్ట్రమున ప్రజాగాయకుడై వెలసిన అమరషేకుతో పోల్చి ఆంధ్ర అమరషేకనియు పిలిచిరి. 1986లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో సత్కరించినది. తాము చెప్పగా అంగడాల వెంకటరమణమూర్తిగారు గ్రంథస్థము చేసిన తమ జీవితకథకు వారుంచిన పేరు పితామహుడనియు కాదు, పద్మశ్రీ యనియు కాదు. పింజారి! ఏ మాటతో లోకము తక్కువ చేసి చూచినదో ఆ మాటనే గ్రంథము నొసట వ్రాయించిరి. దానిని చదివిన పిదప ఆ మాటను తిట్టుగా నుచ్చరించుటకు నోరు రాదు. తాము రచించిన కథలన్నిటికంటె ఆ ఒక్క పేరు పెట్టుటయే పెద్ద కథ యనవచ్చును.

1997 ఫిబ్రవరిలో నాజరుగారు దివంగతులైరి. అప్పటికి వారి వయస్సు 77 సంవత్సరములు. అప్పటికే ఊరి బయళ్ళు చిన్నవైనవి. ఇంటింట దూరదర్శన పేటికలు వెలిసినవి. తెల్లవారుదాక కూర్చుండి కథ విను ఓపిక సన్నగిల్లినది. బుర్రకథ నశింపలేదు గాని, ఊరికి ఊరు కదలి వచ్చు ఆ రాత్రులు మరలి రాలేదు. 2022లో గుంటూరు జిల్లా విభజింపబడి పొన్నెకల్లు ఒక జిల్లాలోను, అచ్చంపేట పల్నాడు జిల్లాలోను చేరినవి. హద్దులు మారినను పాటకు హద్దు లేదు.

గ్రంథాలయములు అచ్చుపుస్తకములకు మాత్రమే నిలయములు కావు. చదువురాని పెద్దల జ్ఞాపకములలో ఇంకను కొన్ని కథలు, కొన్ని వరుసలు, కొన్ని దరువులు మిగిలియున్నవి. అవి వారితోనే అంతరింపకమునుపు యువకులు తీరికవేళల కూర్చుండి విని, వ్రాసి, ధ్వనిముద్రణము చేసి భద్రపరచుట వెంటనే చేయదగిన పని. పింజారి యను గ్రంథమును ప్రతి గ్రామ గ్రంథాలయమునందు ఉంచవలెను. చదువనేర్చినవారు దానిని చదువనేరని పెద్దలకు ఒక సాయంకాలము బిగ్గరగా చదివి వినిపింపవలెను. చెవితో చదివిన తరమునకు నాజరుగారు జీవితమంతయు చేసిన సేవకు అదియే తగిన కృతజ్ఞత.