ఓటిస్ రెడ్డింగ్: రికార్డులో మిగిలిన గొంతు

1967 డిసెంబరు 10న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, మాడిసన్ నగరాన్ని ఆనుకొని ఉన్న మొనోనా సరస్సులో ఒక చిన్న విమానం కూలిపోయింది. అందులో ఉన్న ఎనిమిది మందిలో ఒక్కరే ప్రాణాలతో బయటపడ్డారు. మరణించిన ఏడుగురిలో సోల్ సంగీత గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ ఒకరు. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్లు. ‘దీస్ ఆర్మ్స్ ఆఫ్ మైన్’ వెలువడి అయిదేళ్లే అయింది.

చర్చి కీర్తనల్లోని ఆవేశాన్ని, నల్లజాతి అమెరికన్ల లౌకిక సంగీతమైన రిథమ్ అండ్ బ్లూస్‌ను కలుపుకొని 1950ల చివర, 1960లలో రూపుదిద్దుకున్నదే సోల్ సంగీతం. ఫోనులో వేలు తాకిస్తే కోట్లాది పాటలు పలికే ఈ కాలంలో ఆనాటి ఎల్పీ రికార్డులు తిరిగి దుకాణాలకు చేరుతున్నాయి. రెడ్డింగ్ ఆల్బమ్‌లు కూడా వాటిలో ఉన్నాయి. ఆ నల్లని పళ్లేలను మురిపెంగా కొనుక్కుంటున్న నేటి తరానికి అవి ఎలా తయారయ్యాయో, అందులోని గొంతు ఎవరి సొత్తు అయిందో రెడ్డింగ్ జీవితం తెలియజేస్తుంది.

మేకన్ నుంచి మెంఫిస్ దాకా

రెడ్డింగ్ 1941 సెప్టెంబరు 9న జార్జియా రాష్ట్రంలోని డాసన్‌లో జన్మించారు. తండ్రి పంటలో వాటాకు సేద్యం చేసిన రైతు. ఓటిస్ పసితనంలోనే కుటుంబం మేకన్ పట్టణానికి తరలిపోయింది. తండ్రి అక్కడి వైమానిక దళ స్థావరంలో పనికి కుదిరారు, చర్చిలో ప్రసంగాలు కూడా చేసేవారు. ఓటిస్ పాడటం మొదలుపెట్టింది చర్చి బృందంలోనే. తండ్రికి క్షయ సోకడంతో ఆయన 15వ ఏట బడి మానేసి ఇంటి భారాన్ని పంచుకోవలసి వచ్చింది. బావులు తవ్వారు, పెట్రోలు బంకులో పనిచేశారు, దొరికిన చోటల్లా పాడారు. మేకన్‌లోని డగ్లస్ థియేటర్‌లో జరిగే పాటల పోటీలో వరుసగా 15 వారాలు గెలిచారు. అదే ఊరివాడైన లిటిల్ రిచర్డ్ గర్జన, శామ్ కుక్ గొంతులోని లాలిత్యం ఆయనకు ఆదర్శాలు.

1962లో గిటారు వాద్యకారుడు జానీ జెన్‌కిన్స్‌కు టెన్నెసీ రాష్ట్రం మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోలో రికార్డింగు అవకాశం వచ్చింది. జెన్‌కిన్స్‌కు డ్రైవింగ్ లైసెన్సు లేదు. కారు నడుపుకుంటూ వెళ్లింది రెడ్డింగ్. జెన్‌కిన్స్ రికార్డింగు ఆశించినట్టు సాగక కొంత సమయం మిగిలింది. ఆ కాస్త వ్యవధిలో రెడ్డింగ్ తాను రాసుకున్న ‘దీస్ ఆర్మ్స్ ఆఫ్ మైన్’ పాడారు. స్టాక్స్‌కు చెందిన వోల్ట్ లేబుల్‌పై ఆ పాట అదే ఏడాది విడుదలై ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

సినిమా హాలే స్టూడియో

అక్కాతమ్ముళ్లయిన ఎస్టెల్ ఆక్స్‌టన్, జిమ్ స్టీవర్ట్ స్టాక్స్ సంస్థను నడిపేవారు. మెంఫిస్‌లోని మెక్‌లెమోర్ వీధిలో మూతబడిన ఒక సినిమా హాలును వారు స్టూడియోగా మార్చారు. కుర్చీలు తీసేసినా నేల వాలు అలాగే ఉండిపోయింది. వాలు నేల, ఎత్తయిన పైకప్పు కలిసి ఆ గదిలోని ధ్వనికి ఒక ప్రత్యేకతను ఇచ్చాయి. హాలు ముందుభాగంలో ఆక్స్‌టన్ రికార్డుల దుకాణం పెట్టారు. వీధిలోని కుర్రకారు ఏ పాట కొంటున్నారో, దేనికి కాలు కదుపుతున్నారో అక్కడే తెలిసిపోయేది.

గాయకుడు, వాద్యకారులు ఒకే గదిలో నిలబడి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, ఒకేసారి వాయించడం అక్కడి పద్ధతి. ఎవరైనా తప్పితే పాట మొదటి నుంచి ఎత్తుకోవలసిందే. నిమిషానికి 45 సార్లు తిరిగే చిన్న రికార్డులో ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. చెప్పదలచుకున్నదంతా ఆ కొలతలోనే ఒదగాలి. రెడ్డింగ్ వంత గాయకులను అరుదుగా వాడేవారు. ఆ స్థానాన్ని ట్రంపెట్, శాక్సఫోన్‌లకు ఇచ్చి, వాటి వరుసలను తానే కూనిరాగంగా పాడి వినిపించేవారు. స్టూడియో బృందమైన బుకర్ టి అండ్ ద ఎంజీస్‌లో ఇద్దరు నల్లజాతివారు, ఇద్దరు శ్వేతజాతివారు ఉండేవారు. వర్ణవివక్ష రాజ్యమేలుతున్న ఆ నగరంలో వీధిలో కలిసి తిరగడమే కష్టమైన మనుషులు ఆ హాలులో కలిసి పాటలు కట్టారు.

1965 జులైలో ‘ఓటిస్ బ్లూ’ ఆల్బమ్‌లోని దాదాపు అన్ని పాటలనూ ఒక పగలు, ఒక రాత్రిలో ముగించారు. మధ్యలో వాద్యకారులు క్లబ్బులలో తమ రోజువారీ కచేరీలకు వెళ్లి, అర్ధరాత్రి దాటాక తిరిగి వచ్చి పని కొనసాగించారు. అంతకు ఏడు నెలల ముందు తుపాకీ కాల్పుల్లో మరణించిన శామ్ కుక్ పాటలు మూడింటిని రెడ్డింగ్ అందులో పాడారు.

పాట ఒకరిది, రాబడి మరొకరిది

ఆ ఆల్బమ్‌లోనే ఆయన రాసిన ‘రెస్పెక్ట్’ ఉంది. పనిచేసి ఇంటికి వచ్చిన మగవాడు గౌరవం కోరే పాట అది. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ దానిని స్త్రీ పక్షాన పాడి పూర్తిగా తన పాటగా మార్చేశారు. పౌరహక్కుల ఉద్యమానికి, మహిళల ఉద్యమానికి అది నినాదమైంది. అయితే అమెరికాలో సాధారణ రేడియో ప్రసారానికి రాయల్టీ అందేది రచయితకు, ప్రచురణకర్తకు మాత్రమే. గాయకులకు ఏమీ రాదు. ఫ్రాంక్లిన్ గొంతు రేడియోలో మోగిన ప్రతిసారీ రుసుము రెడ్డింగ్ పక్షానికే చేరింది.

ఆ లెక్క రెడ్డింగ్‌కు బాగా తెలుసు. పాటలు తానే రాసుకోవడం, సొంత ప్రచురణ సంస్థ పెట్టుకోవడం, జార్జియాలో సుమారు 300 ఎకరాల భూమి కొనడం ఆ మెలకువలో భాగాలే. వాటాకు సాగు చేసిన రైతు కొడుకు సొంత పొలానికి యజమాని అయ్యారు. ఆయన గొంతు నిక్షిప్తమైన మాస్టర్ టేపులు మాత్రం ఆయనవి కాలేదు.

చివరి ఏడాది

1967 రెడ్డింగ్‌కు శిఖరారోహణ సంవత్సరం. స్టాక్స్ బృందంతో ఐరోపాలో పర్యటించారు. బ్రిటన్ పత్రిక మెలొడీ మేకర్ పాఠకుల ఓటింగులో ఎల్విస్ ప్రెస్లీని తోసిరాజని ఉత్తమ గాయకుడిగా నిలిచారు. జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరీ పాప్ ఉత్సవంలో, ఎక్కువగా శ్వేతజాతి యువత ఉన్న సభను ఉర్రూతలూగించారు. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో సాసలిటో వద్ద ఒక పడవ ఇంట్లో బస చేసినప్పుడు కొత్త పాట మొదలుపెట్టారు. గొంతుకు శస్త్రచికిత్స జరిగి కొన్ని వారాలు మౌనంగా గడిపాక, గిటారు వాద్యకారుడు స్టీవ్ క్రాపర్‌తో కలిసి దానిని పూర్తిచేశారు. అదే ‘(సిట్టిన్ ఆన్) ద డాక్ ఆఫ్ ద బే’. గర్జనకు పేరుపడ్డ గాయకుడు అందులో నెమ్మదిగా, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడారు. చివర ఈల వేశారు.

కొద్ది రోజులకే విమానం కూలింది. ఆయన వెంట వాయించే బార్‌కేస్ బృందంలోని నలుగురు యువకులూ మరణించారు. మిత్రుడిని కోల్పోయిన దుఃఖంలోనే క్రాపర్ ఆ పాటకు అలల చప్పుడు, సముద్రపు పక్షుల కూతలు చేర్చి తుదిరూపు ఇచ్చారు. 1968 జనవరిలో విడుదలైన రికార్డు మార్చిలో బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. గాయకుడి మరణానంతరం ఆ స్థానాన్ని అందుకున్న తొలి పాట అదే.

టేపులు ఎవరివి

రికార్డుల పంపిణీకి స్టాక్స్ న్యూయార్క్‌లోని అట్లాంటిక్ సంస్థపై ఆధారపడేది. నోటిమాట మీద నడిచిన ఆ ఏర్పాటుకు 1965లో ఒప్పంద పత్రం వచ్చింది. స్టీవర్ట్ దానిని క్షుణ్ణంగా చదవకుండానే సంతకం చేశారు. 1967లో అట్లాంటిక్ మరో సంస్థకు అమ్ముడుపోయాక అసలు సంగతి బయటపడింది. తాము పంపిణీ చేయించుకున్న రికార్డుల మాస్టర్ టేపులన్నీ అట్లాంటిక్ సొంతమని స్టాక్స్‌కు అప్పుడు తెలిసింది. రెడ్డింగ్ పాటలు కూడా వాటితోనే పోయాయి. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది కూడా మెంఫిస్‌లోనే. స్టాక్స్ మళ్లీ నిలదొక్కుకుంది గానీ 1975లో దివాలా తీసింది. 1989లో ఆ సినిమా హాలును కూల్చేశారు. అదే స్థలంలో 2003లో సోల్ సంగీత ప్రదర్శనశాల వెలిసింది.

హక్కుల చిక్కు డిజిటల్ యుగంలోనూ తీరలేదు. 1972 ఫిబ్రవరి 15కు ముందు చేసిన ధ్వనిముద్రణలకు అమెరికా ఫెడరల్ కాపీరైటు వర్తించేది కాదు. దీన్ని ఆసరా చేసుకొని కొన్ని డిజిటల్ రేడియో సంస్థలు పాత గాయకులకు చెల్లించనవసరం లేదని వాదించాయి. రెడ్డింగ్ పాడినవన్నీ ఆ తేదీకి ముందువే. 2018లో వచ్చిన మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టంతో ఆ తరం గాయకులకు, వారి వారసులకు చెల్లింపు హక్కు దక్కింది.

ఆ తర్వాత రెండేళ్లకు, 2020లో, అమెరికాలో వినైల్ రికార్డుల రాబడి 1980ల తర్వాత తొలిసారి సీడీల రాబడిని మించింది. సంగీత పరిశ్రమ ఆదాయంలో సింహభాగం మాత్రం స్ట్రీమింగ్‌దే. సూది గాడిలో పడినప్పుడు వినిపించే సన్నని చిటపటను ఇష్టపడేవారు, ఫోనులో వినేవారు చివరికి వింటున్నది మెంఫిస్‌లోని ఆ వాలు నేల మీద కొందరు కలిసి నిలబడి చేసిన శబ్దాన్నే. మేకన్‌లో రెడ్డింగ్ భార్య జెల్మా 2007లో ఆయన పేరిట ఒక సంస్థను నెలకొల్పారు. అక్కడ పిల్లలకు పాడటంతో పాటు సొంతంగా పాటలు రాయడం కూడా నేర్పుతున్నారు.